తిన్నని తీగ అయస్కాంత క్షేత్రం కిట్: కడ్డీ మంచిదే, చిక్కంతా పక్కనున్న స్తంభంతోనే

విద్యుత్తు ప్రవహించే తిన్నని తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంత ఉంటుందో కాగితం మీద లెక్కకట్టడం భౌతికశాస్త్రంలోని అతి తేలికైన లెక్కల్లో ఒకటి. అదే క్షేత్రాన్ని కొలిచి, లెక్కతో సరిపోయిందని చూపించడం మాత్రం అంత తేలిక కాదు. ఈ రెండు పనులూ ఒకే బల్ల మీద చేసి చూపిస్తామనే ప్రయోగశాల కిట్లలో ఒకదాన్ని కొంతకాలంగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: వస్తువుల నాణ్యత బాగుంది, సెన్సారు నమ్మదగినది, కాని దీనితో వచ్చిన పుస్తకం చెప్పినట్టే ప్రయోగం చేస్తే సూత్రమే తప్పేమోనన్న అనుమానం విద్యార్థికి రాకమానదు. అదే కిట్‌ను పుస్తకం ప్రస్తావించని మరో పద్ధతిలో వాడితే, ఈ తరగతి పరికరం నుంచి నేను ఆశించిన దానికంటే మెరుగైన ఫలితాలు వచ్చాయి. తయారీదారు పేరు చెప్పడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కరిదీ కాదు, ఈ నమూనాలో చేసిన ఏ కిట్‌కైనా వర్తించేదే.

పెట్టెలో 60 సెం.మీ. పొడవు, 4 మి.మీ. వ్యాసం ఉన్న రాగి కడ్డీ ఉంటుంది. దాన్ని పీఠం మీద నిలువుగా బిగించాలి. కడ్డీకి 15 సెం.మీ. దూరంలో అల్యూమినియం స్తంభం ఉంటుంది. కడ్డీ పైకొసను పట్టుకునేది అదే, కడ్డీలోంచి వెళ్లిన విద్యుత్తును తిరిగి కిందికి తెచ్చే తీగ నడిచేదీ దాని లోపలి నుంచే. కడ్డీ సగం ఎత్తులో ఒక పారదర్శకమైన పలక, ఆ పలక మీద కడ్డీని కేంద్రంగా చేసుకుని పూర్తిగా గుండ్రంగా తిరగగల 12 సెం.మీ. స్కేలు, ఆ స్కేలు మీద జరుపుకోగల హాల్ సెన్సారు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న చిప్) ఉంటాయి. వీటితోపాటు 10 ఆంపియర్ల వరకు ఇచ్చే తక్కువ వోల్టేజీ డీసీ పవర్ సప్లై, ప్రవాహ దిశను మార్చే స్విచ్చి, నాలుగు చిన్న దిక్సూచులు, ఒక సీసాలో ఇనుప రజను, లెక్కలు చేసిపెట్టే ప్రోగ్రాము, సూచనల పుస్తకం వస్తాయి.

తయారీలో శ్రద్ధ కనిపిస్తుంది. సెన్సారుకు దగ్గరలో ఉండే మరలన్నీ ఇత్తడివి, స్తంభం అల్యూమినియంది. అయస్కాంతానికి అంటుకునే లోహం కొలతకు దగ్గరలో ఎక్కడా లేదు. చవక కిట్లలో ఉక్కు మర ఒక్కటి చాలు, రీడింగులన్నీ ఒక పక్కకు ఒరిగిపోవడానికి. స్కేలు మీది సున్నా కడ్డీ ఉపరితలం దగ్గర కాకుండా కడ్డీ అక్షం దగ్గర మొదలవుతుంది. చిన్న విషయంలా కనిపించినా, సూత్రంలోని దూరాన్ని తీగ నడిమధ్య నుంచే కొలవాలి కాబట్టి ఇదే సరైన పద్ధతి. సెన్సారు డబ్బా మీద లోపలి చిప్ ఎక్కడుందో సన్నని గీతతో గుర్తించారు. కడ్డీ నుంచి 2 సెం.మీ. దూరంలో 1 మి.మీ. తేడా వచ్చినా క్షేత్రం విలువ 5 శాతం మారిపోతుంది కనుక ఆ గీత లేని సెన్సారును నేనైతే కొనను. ఆ గుర్తు సరైన చోటే ఉందో లేదో తెలుసుకోవాలంటే, దగ్గరి దూరాల్లో తీసిన రీడింగుల విలోమాలను దూరంతో గ్రాఫు గీయాలి. ఆ సరళరేఖ మూలబిందువు గుండా పోతే గుర్తు సరైనదే. పోకపోతే రేఖ దూరపు అక్షాన్ని ఖండించే చోటు తేడా ఎంతో చెబుతుంది.

ఇక లెక్క సంగతి. అంతులేని పొడవున్న తిన్నని తీగ నుంచి కొంత దూరంలో క్షేత్రం, ప్రవాహానికి అనులోమానుపాతంలోను, దూరానికి విలోమానుపాతంలోను ఉంటుంది. మ్యూ నాట్ అనే స్థిరాంకాన్ని ప్రవాహంతో గుణించి, రెండు పైలతోను దూరంతోను భాగిస్తే క్షేత్రం వస్తుంది. బల్ల మీద పనికి ఇంత అవసరం లేదు; ఆంపియర్లను 20తో గుణించి సెంటీమీటర్లతో భాగిస్తే జవాబు నేరుగా మైక్రోటెస్లాలలో (క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) వస్తుంది. 1 ఆంపియరుకు 1 సెం.మీ. దూరంలో 20 మైక్రోటెస్లాలు. 10 ఆంపియర్లకు 2 సెం.మీ. దూరంలో 100, 5 సెం.మీ. దూరంలో 40, 10 సెం.మీ. దూరంలో 20. ఈ మూడు అంకెలనూ గుర్తుంచుకుంటే మిగతా సమీక్షంతా సులభంగా అర్థమవుతుంది.

ఇక్కడే మొదటి ఆటంకం వస్తుంది. భూమి ఉపరితలం మీద భూ అయస్కాంత క్షేత్రం ప్రాంతాన్ని బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది. అంటే కడ్డీలో 10 ఆంపియర్లు నిండుగా ప్రవహిస్తున్నా, 10 సెం.మీ. దూరానికి వెళ్లేసరికి మనం కొలవదలచుకున్న క్షేత్రం భూమి క్షేత్రం కంటే చిన్నదైపోతుంది. సెన్సారు మీద సున్నా బొత్తాం ఉంది. ప్రవాహం ఆపి, దాన్ని నొక్కి, తరువాత ప్రవాహం ఇమ్మని పుస్తకం చెబుతుంది. సెన్సారును కదపకుండా ఉన్నంతవరకు అది సరిపోతుంది. కదిపితే, ముఖ్యంగా స్కేలును తిప్పితే, సెన్సారు చూసే దిక్కు మారి భూమి క్షేత్రంలోని వేరే అంశం రీడింగులో చేరుతుంది కనుక, పాత సున్నా పనికిరాదు. ఇంతకంటే మేలైన మార్గం కిట్‌లోనే ఉంది: దిశ మార్చే స్విచ్చితో ప్రవాహాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి పంపి, రెండు రీడింగుల భేదంలో సగం తీసుకోవాలి. భూమి క్షేత్రమూ, సెన్సారుకు స్వతహాగా ఉండే సున్నా దోషమూ రెండు రీడింగుల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొట్టుకుపోతాయి. ఈ స్విచ్చి ఈ కిట్‌లోని అత్యంత విలువైన భాగాల్లో ఒకటి. పుస్తకం మాత్రం దిక్సూచి ముల్లు అటు నుంచి ఇటు తిరగడం చూపించడానికే దాన్ని వాడుకుంది.

ఇంత జాగ్రత్తగా భూమి క్షేత్రాన్ని తీసేసిన తరువాత కూడా, పుస్తకం చెప్పిన అమరికలో నాకు వచ్చిన విలువలు 2 సెం.మీ. దగ్గర సుమారు 87, 5 సెం.మీ. దగ్గర 28 లేదా 29, 10 సెం.మీ. దగ్గర 11 మైక్రోటెస్లాలు. రావలసినవి 100, 40, 20. చివరి దానిలో లోటు దాదాపు సగం. సెన్సారు చెడిపోయిందనో, ఆంపియర్లు తప్పుగా చూపిస్తోందనో అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ దోషాలు అన్ని దూరాల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉండాలి. ఇక్కడ దూరం పెరిగేకొద్దీ లోటు కూడా పెరుగుతోంది.

దోషి స్తంభం లోపలి తీగే. విద్యుత్తు ఒక్క కడ్డీలోనే ప్రవహించదు; పైకి వెళ్లినంతా ఏదో ఒక దారిన కిందికి రావలసిందే. ఈ కిట్‌లో ఆ తిరుగు దారి కడ్డీకి జానెడు దూరంలో కూడా లేదు. స్తంభంలోని తీగ ప్రభావాన్ని తగ్గించాలని పుస్తకం రాసినవారు కూడా అనుకున్నారు కాబోలు, సెన్సారును స్తంభానికి సరిగ్గా ఎదురువైపున పెట్టమని బొమ్మ వేసి చూపించారు. దూరంగా ఉంటే ప్రభావం తక్కువ ఉంటుందన్నది సహజమైన ఆలోచనే. కాని అక్కడ తిరుగు తీగ క్షేత్రం కడ్డీ క్షేత్రానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉండి, ఉన్నదంతా నేరుగా తీసివేతలోకి పోతుంది. కడ్డీ నుంచి 10 సెం.మీ. దూరంలో, అంటే తిరుగు తీగ నుంచి 25 సెం.మీ. దూరంలో, 10 ఆంపియర్లకు బయో-సవర్ట్ నియమం (తీగలోని చిన్న చిన్న ముక్కలు ఇచ్చే క్షేత్రాలను కూడే నియమం) ప్రకారం లెక్కకట్టి చూశాను: 60 సెం.మీ. కడ్డీ ఒక్కటే 19 మైక్రోటెస్లాలు ఇస్తుంది. తిరుగు తీగ అందులోంచి 6 కంటే కొంచెం ఎక్కువ తీసేస్తుంది. పైనా కిందా కడ్డీని స్తంభంతో కలిపే అడ్డ తీగలు రెండూ కలిసి ఇంకో 2 తీసేస్తాయి. మిగిలేది 10.7. సెన్సారు చూపించింది ముమ్మాటికీ నిజమే. దాన్ని ఏ లెక్కతో పోల్చాలో చెప్పడంలో పుస్తకం దారి తప్పింది.

ప్రవాహ దిశను మార్చే ఉపాయం దీనికి పనిచేయదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ప్రవాహం తిరగబడితే కడ్డీలోనూ తిరుగు తీగలోనూ ఒకేసారి తిరగబడుతుంది. భూమి క్షేత్రం వెళ్లిపోయినట్టు అది వెళ్లిపోదు. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా, అదే స్థానంలో ఉన్నంతవరకు అదే లోటు వస్తుంది.

స్కేలును స్తంభం వైపుకు లంబంగా, అంటే 90 డిగ్రీలు పక్కకు తిప్పి, సెన్సారులో స్పర్శరేఖ దిశలోని (కడ్డీ చుట్టూ గీసిన వృత్తాన్ని ఆ చోట తాకుతూ పోయే దిశలోని) అంశాన్ని మాత్రమే చదివితే పరిస్థితి చాలావరకు చక్కబడుతుంది. ఆ స్థానంలో తిరుగు తీగ క్షేత్రం ఎక్కువ భాగం స్కేలు పొడవు వెంబడి ఉంటుంది. మనం చదివే దిశలో దాని వాటా కొద్దిగానే పడుతుంది. అడ్డ తీగల వాటా ఆ దిశలో అసలు పడదు. ఫలితంగా 2 సెం.మీ. దగ్గర 98 వస్తుంది, అంటే 13 శాతం లోటు 2 శాతానికి దిగుతుంది. 5 సెం.మీ. దగ్గర 36, 10 సెం.మీ. దగ్గర 14 దగ్గరదగ్గరగా వస్తాయి. సెన్సారులో మూడు అంశాలనూ కలిపి మొత్తం పరిమాణాన్ని చూపించే ఏర్పాటు కూడా ఉంది. ఈ ప్రయోగానికి దాని జోలికి పోకపోవడం మంచిది, అందులో అక్కరలేని దిశలన్నీ కలిసిపోతాయి.

అయితే ఈ కిట్‌ను నేను మెచ్చుకోవడానికి అసలు కారణం ఆ తిరిగే స్కేలే. దాని కింద డిగ్రీలు గుర్తించిన చక్రం ఉంది. పుస్తకంలో దాని ఉపయోగం ఒక్కటే: క్షేత్రం దిశ కడ్డీ చుట్టూ వలయంగా ఉంటుందని చూపించడం. సెన్సారును 5 సెం.మీ. దగ్గర బిగించి, స్తంభానికి ఎదురువైపున, స్తంభం వైపున, రెండు పక్కలా మొత్తం నాలుగు స్థానాల్లో, ప్రతి చోటా దిశ మార్చి, స్పర్శరేఖ దిశలోని క్షేత్రాన్ని చదవండి. ఎదురువైపున 28.5, స్తంభం వైపున ఏకంగా 61 దాటి, రెండు పక్కలా 36 చొప్పున వస్తాయి. ఈ నాలుగింటి సగటు 40.5. సూత్రం చెప్పేది 40. అదే 2 సెం.మీ. దగ్గర చేస్తే 87, 117, 98, 98 వస్తాయి, సగటు 100.

ఇది యాదృచ్ఛికం కాదు, ఆంపియర్ నియమమే. మూసిన మార్గం వెంట స్పర్శరేఖ దిశలోని క్షేత్రాన్ని ఆ మార్గం పొడుగునా కూడితే వచ్చే మొత్తం, ఆ మార్గం లోపలి నుంచి దూసుకెళ్లే ప్రవాహం మీద మాత్రమే ఆధారపడి ఉంటుంది. మన వృత్తం లోపల కడ్డీ ఒక్కటే ఉంది. స్తంభంలోని తీగా, అడ్డ తీగలూ వృత్తం బయట ఉన్నాయి. అవి ఒకచోట ఎంత తీసేస్తే మరొకచోట అంతా కలిపేస్తాయి, మొత్తం మీద వాటి వాటా సున్నా. భూమి క్షేత్రం కూడా ఇలాగే సున్నా అవుతుంది. ఇంకొక విశేషం: కడ్డీ పొడవు 60 సెం.మీ. మాత్రమే కావడం వల్ల వచ్చే లోటు కూడా ఈ సగటులో మాయమవుతుంది, ఎందుకంటే ప్రవాహం పూర్తి వలయంలో ఉన్నంతవరకు నియమం వలయపు ఆకారాన్ని అడగదు. అంతులేని తీగ కోసం రాసిన సూత్రం, ఈ పొట్టి కడ్డీకి వృత్తం మీది సగటు రూపంలో అచ్చంగా వర్తిస్తుందన్నమాట.

నాలుగు స్థానాలు దగ్గరి దూరాలకే చాలు. 10 సెం.మీ. వృత్తం స్తంభానికి 5 సెం.మీ. దగ్గరికి పోతుంది; అక్కడ క్షేత్రం ఒక్కసారిగా పెరిగి మళ్లీ పడిపోతుంది కనుక నాలుగు చోట్ల మాత్రమే చదివితే సగటు 20కి బదులు 25 దాకా వస్తుంది. చక్రం మీది గుర్తులను ఉపయోగించుకుని తక్కువ తక్కువ డిగ్రీల తేడాతో ఎక్కువ చోట్ల చదివితే అది కిందికి దిగి 20ని సమీపిస్తుంది. సమాకలనం, అంటే చిన్న చిన్న భాగాలను కూడి మొత్తం కనుక్కోవడం, ఏమిటో విద్యార్థికి చేతితో చూపించే అవకాశం ఇంతకంటే మంచిది దొరకదు. ఇంత చక్కటి అవకాశాన్ని చేతిలో ఉంచుకుని పుస్తకం దాన్ని ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించకపోవడం నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించింది.

అందరికీ వృత్తం చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. దూరానికి విలోమంగా తగ్గుతుందన్న ఒక్క విషయాన్ని సూటిగా చూపిస్తే చాలనుకునేవారు స్తంభంలోని తీగను వదిలేసి వేరే దారి పట్టవచ్చు. కడ్డీ రెండు కొసల వద్ద ఉన్న సాకెట్లకు సొంతంగా పొడవాటి మందపు తీగలు తగిలించి, వాటిని రెండింటినీ ఒకే వైపుకు, నేలకు సమాంతరంగా ఒక మీటరు దూరం తీసుకెళ్లి, ఆ తరువాతే కలపాలి. పీఠం దీనికి అడ్డు చెప్పదు. స్కేలును ఆ తీగలు వెళ్లే దిక్కుకు లంబంగా ఉంచడం మాత్రం మరిచిపోకూడదు. తీగలు దూరంగా వెళ్లాయి కదా అని స్కేలును వాటికి ఎదురుదిక్కున పెడితే, 10 సెం.మీ. దగ్గర 19కి బదులు 14 మాత్రమే వస్తుంది, కారణం ఆ అడ్డ తీగలే. లంబంగా పెట్టినప్పుడు 2, 5, 10 సెం.మీ. దగ్గర లెక్క ప్రకారం రావలసినవి 99.8, 39.4, 18.9, నా రీడింగులు వీటికి ఒకటి రెండు శాతం అటూ ఇటూగా వచ్చాయి. పవర్ సప్లై ప్రవాహాన్ని 0.1 ఆంపియరు వరకే చూపిస్తుంది కాబట్టి అంతకంటే ఎక్కువ ఆశించడం న్యాయం కాదు.

అప్పటికీ 10 సెం.మీ. దగ్గర మిగిలే 5 శాతం లోటు కడ్డీ పొడవుది. కడ్డీకి సరిగ్గా నడుమ ఎత్తులో ఉన్నప్పుడు దాన్ని సవరించడం సులువు: పొడవు వర్గానికి దూరం వర్గాన్ని నాలుగు రెట్లు చేసి కలిపి, వర్గమూలం తీసి, దానితో పొడవును భాగించాలి. వచ్చిన గుణకంతో అంతులేని తీగ విలువను గుణిస్తే సరి. 60 సెం.మీ. కడ్డీకి 2 సెం.మీ. దగ్గర ఈ గుణకం 0.998, 5 సెం.మీ. దగ్గర 0.986, 10 సెం.మీ. దగ్గర 0.949. పొడవులో సుమారు పద్నాలుగో వంతు దూరం వరకు, అంటే ఇక్కడ 4 సెం.మీ. వరకు, లోటు ఒక శాతం దాటదు.

కిట్‌తో వచ్చిన ప్రోగ్రాము ఈ విషయంలో ఏ సాయమూ చేయదు. ప్రవాహం ఎంత, దూరం ఎంత అని అడిగి, ఆరు దశాంశ స్థానాల వరకు జవాబు చెబుతుంది. పొడవు అడగదు, తిరుగు తీగ ఎక్కడుందో అడగదు. మొదటి అంకె తరువాతి అంకెకే భరోసా లేని చోట ఆరు దశాంశాలు చూపించడం విద్యార్థికి మంచి అలవాటు నేర్పదు. అంతకంటే పెద్ద తప్పు, తీగ వ్యాసార్ధాన్ని అడగకపోవడం. 10 ఆంపియర్లకు దూరం 1 మి.మీ. అని ఇస్తే అది ఏమాత్రం తడబడకుండా 2000 మైక్రోటెస్లాలు అంటుంది. కాని ఈ కడ్డీ వ్యాసార్ధం 2 మి.మీ.; అక్షం నుంచి 1 మి.మీ. అంటే లోహం లోపలి బిందువు. నిలకడైన డీసీ ప్రవాహం కడ్డీ అడ్డుకోత అంతటా సమానంగా పరుచుకుంటుంది కనుక ఆ బిందువు లోపలి వైపున ఉండే ప్రవాహం నాలుగో వంతే, క్షేత్రం 500 మైక్రోటెస్లాలు మాత్రమే. కడ్డీ ఉపరితలం దగ్గర క్షేత్రం గరిష్ఠంగా 1000 ఉండి, లోపలికి పోయేకొద్దీ సమంగా తగ్గుతూ అక్షం మీద సున్నా అవుతుంది. ప్రోగ్రామేమో అక్షం దగ్గర అనంతానికి పరుగెడుతుంది. మ్యూ నాట్ విలువ పక్కన అది కచ్చితమైన స్థిరాంకం అని కూడా రాసి ఉంది. 2019 మే 20న అమల్లోకి వచ్చిన కొత్త ప్రమాణాల తరువాత అది కొలిచి తెలుసుకునే రాశే తప్ప కచ్చితమైన విలువ కాదు. ఆ తేడా మన బల్ల మీద ఏ సెన్సారుకూ అందనంత చిన్నది కాబట్టి దీన్ని సరదాకి ప్రస్తావిస్తున్నానే తప్ప ఫిర్యాదుగా కాదు.

ఇనుప రజను గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 10 ఆంపియర్లకు కడ్డీ నుంచి 1 సెం.మీ. దూరంలో 200 మైక్రోటెస్లాలే ఉంటాయి. రజను బారులు తీరడానికి అది చాలదు. పలకను ఎంత మెల్లగా తట్టినా కడ్డీని ఆనుకుని ఒక మసక వలయం తప్ప పుస్తకంలోని ఫొటో లాంటి వలయాలు రావు. ఆ బొమ్మకు పదుల ఆంపియర్లు కావాలి, లేదా ఇన్సులేషన్ ఉన్న సన్నని తీగను అనేక చుట్లుగా పలకలోని రంధ్రం గుండా పోనిచ్చి, ఆ కట్టను కడ్డీకి బదులు వాడాలి. 5 ఆంపియర్లు ప్రవహించే 10 చుట్లు 50 ఆంపియర్ల పని చేస్తాయి. దిక్సూచులు మాత్రం చక్కగా ఉన్నాయి, ముళ్లు తొందరగా కుదురుకుంటాయి, కుడిచేతి బొటనవేలు నియమాన్ని (బొటనవేలు ప్రవాహ దిశలో చాపితే ముడిచిన వేళ్లు క్షేత్ర దిశను చూపుతాయి) చూపించడానికి అంతకంటే ఏమీ అక్కరలేదు.

చరిత్ర పేజీలో 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడాన్ని గమనించిన సంగతి ఉంది. అదే ఏడాది అక్టోబరు 30న బయో, సవర్ట్ తమ ఫలితాన్ని ప్రకటించిన సంగతి కూడా ఉంది. వారు దాన్ని ఎలా కొలిచారన్నది లేదు. వారి దగ్గర హాల్ సెన్సారు లేదు. పొడవాటి నిలువు తీగ దగ్గర ఒక అయస్కాంత సూదిని దారంతో వేలాడదీసి, భూమి క్షేత్రాన్ని మరో అయస్కాంతంతో రద్దు చేసి, సూది ఊగే కాలాన్ని వేర్వేరు దూరాల్లో కొలిచారు. క్షేత్రం ఆ ఊగే పౌనఃపున్యపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కిట్‌లో దారానికి కట్టిన ఒక చిన్న సూదిని చేర్చి ఉంటే, ఏ ఎలక్ట్రానిక్స్ లేకుండానే విలోమ సంబంధాన్ని చూపించవచ్చు. దానికి అయ్యే ఖర్చు రజను సీసా కంటే ఎక్కువ ఉండదు.

భద్రత విషయంలో లోటేమీ లేదు. వోల్టేజీ చాలా తక్కువ, ప్రవాహానికి పరిమితి ఉంది, కడ్డీ నిరోధం ఒక మిల్లీ ఓమ్ కంటే తక్కువ కనుక 10 ఆంపియర్లకు కూడా అది వేడెక్కదు. వేడెక్కేవి సాకెట్లు. వదులుగా గుచ్చిన ప్లగ్గు కొంతసేపటికి చేతికి తగిలేంత వేడెక్కుతుంది, కాబట్టి రీడింగుకు రీడింగుకు మధ్య ప్రవాహాన్ని ఆపడం మంచిది. హాల్ సెన్సారు సున్నా కూడా వేడికి జరుగుతుంది. దిశ మార్చి చదివే పద్ధతి అందుకూ పనికొస్తుంది.

డిగ్రీ స్థాయిలో ఆంపియర్ నియమాన్ని, బయో-సవర్ట్ నియమాన్ని పక్కపక్కన పెట్టి బోధించేవారికి ఈ కిట్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. స్తంభంలోని తిరుగు తీగ వారికి లోపం కాదు, పాఠం చెప్పడానికి సరుకు. పాఠశాల స్థాయిలో, ఒక పీరియడులో సూత్రాన్ని సరిచూపించి ముగించాలనుకునేవారు మాత్రం సొంతంగా పొడవాటి తీగలు సమకూర్చుకునే ఉద్దేశం ఉంటేనే తీసుకోవాలి. తయారీదారు తదుపరి నమూనాలో స్తంభాన్ని కడ్డీకి పట్టుగా మాత్రమే ఉంచి, తిరుగు తీగను విడదీసి, ఒక మీటరు దాటిన రెండు తీగలు పెట్టెలోనే పెడితే, ప్రోగ్రాములో పొడవుకూ వ్యాసార్ధానికీ రెండు గడులు చేరిస్తే, సెన్సారు స్థానాన్ని చూపే బొమ్మను 90 డిగ్రీలు తిప్పి అచ్చువేస్తే, ఈ రెండో వర్గానికి కూడా ఏ షరతూ లేకుండా సిఫారసు చేయవచ్చు.